కంటికి ఏ యాంటీబయాటిక్? పెరంబూరు మందుల షాపు నుంచి

దీపావళి వానలు పట్టుకున్నాయంటే మా షాపు ముందు నల్లకళ్లద్దాలవాళ్లు వరస కడతారు. చెన్నై పెరంబూరులో మందుల షాపు నాది. ఇంట్లో తెలుగు, కౌంటరు దగ్గర తమిళం. రైలుపెట్టెల కర్మాగారంలో పని కోసం తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ వీధివీధికీ ఉన్నాయి. వచ్చినవాళ్లు కళ్లద్దాలు తీయకుండానే అడుగుతారు: "అక్కా, మద్రాస్ ఐ వచ్చింది. గట్టి యాంటీబయాటిక్ చుక్కలు ఇవ్వండి." మద్రాస్ ఐ అంటే కళ్లకలకే. వాళ్లకు కావలసింది ఖరీదైనది, కొత్తగా వచ్చినది, రేపు పొద్దుటికల్లా ఎరుపు దించేది. మందును ఎంచుకోవడానికి వీటిలో ఏదీ కొలత కాదు.

కంటి యాంటీబయాటిక్ చుక్కలు షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కాబట్టి చీటీ లేకుండా ఏది కొనుక్కోవాలో నేను చెప్పబోవడం లేదు. చీటీలో ఉన్న మందును ఎందుకు రాశారో అర్థం చేసుకోవడానికి, రాయనప్పుడు డాక్టరు మీద విసుక్కోకుండా ఉండటానికి, ఏ కన్నయితే చుక్కల మాట పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలో గుర్తుపట్టడానికి ఇది పనికొస్తుంది. ఈ చివరిదాని కోసమే రాస్తున్నానని అనుకోండి. మామూలు కళ్లకలకకు ఏ యాంటీబయాటిక్ వేసినా ఫలితంలో పెద్ద తేడా ఉండదు. మామూలుది కాని కన్నును మామూలుదే అనుకుని చుక్కలు వేసుకుంటూ కూర్చుంటేనే చూపు పోతుంది.

బాక్టీరియానా, వైరసా

పెద్దవాళ్ల కళ్లకలకలో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేదే, అందులోనూ అడెనోవైరస్ వల్ల. వానాకాలంలో బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆఫీసుకు పాకేది అదే. దాని మీద ఏ యాంటీబయాటిక్ కూడా పనిచెయ్యదు. కంటి నుంచి నీళ్లు ఎక్కువగా కారతాయి, పుసి తక్కువ. ఒక కంట్లో మొదలై రెండు మూడు రోజుల్లో రెండోదానికి వస్తుంది. జలుబో గొంతునొప్పో తోడుంటుంది. చెవి ముందు వేలితో తడిమితే చిన్న బిళ్ల తగలవచ్చు. మొదటి నాలుగైదు రోజులు పెరుగుతుంది, పూర్తిగా పోవడానికి రెండు వారాలైనా పట్టవచ్చు.

ఈ పెరగడమే మా కౌంటరు దగ్గర గొడవలకు మూలం. మొదటిరోజు ఒక సీసా కొంటారు, మూడోరోజు "ఇది పనిచెయ్యలేదు, ఇంకోటివ్వండి" అని వస్తారు. రెండోది వేసిన రెండు రోజులకు జబ్బు తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. పేరు మాత్రం రెండో మందుకు దక్కుతుంది. మరుసటి ఏడాది ఇల్లంతా ఆ రెండో మందు పేరే చెప్పి అడుగుతారు.

బాక్టీరియా కలకలో పుసి చిక్కగా, పసుపుగానో ఆకుపచ్చగానో ఉంటుంది. తుడిచిన కాసేపటికే మళ్లీ చేరుతుంది. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి, తడిబట్టతో నానబెడితేగాని విడవవు. రెండు కళ్లూ అలా అంటుకుపోయి, దురద లేకపోతే, అంతకుముందు కళ్లకలకలు వచ్చిన అలవాటు లేకపోతే, బాక్టీరియా అయ్యే అవకాశం పెరుగుతుంది. దురదే ప్రధానమైతే అది అలర్జీ వైపు చూడవలసిన కన్ను. ఏ ఒక్క గుర్తూ పక్కా కాదు. వైరస్ కలకలోనూ పొద్దుటిపూట కాస్త పుసి ఉంటుంది. అందుకే ఫోనులో ఫొటో పంపి "ఏ మందు?" అని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పను.

పిల్లల లెక్క వేరు. వాళ్లలో బాక్టీరియా వాటా పెద్దది. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోకాకస్ ఎక్కువగా కనిపిస్తాయి. కంట్లో పుసితోపాటు చెవినొప్పి కూడా ఉందంటే చుక్కలు చాలవు, నోటి ద్వారా మందు ఇవ్వవలసి రావచ్చు. పిల్లవాడు చెవి పట్టుకుని ఏడుస్తున్నాడన్న సంగతి కంటి డాక్టరుకు చెప్పడం మరిచిపోవద్దు.

నిజంగా బాక్టీరియా కలకే అయినా చాలావరకు వారం పది రోజుల్లో దానికదే పోతుంది. యాంటీబయాటిక్ దాన్ని కాస్త త్వరగా పంపిస్తుంది, ఇంట్లో మిగతావాళ్లకు అంటడాన్ని తగ్గిస్తుంది, అంతే. అందువల్ల "రెండు మూడు రోజులు శుభ్రం చేసుకుంటూ చూడండి, తగ్గకపోతే ఈ చుక్కలు మొదలుపెట్టండి" అని చెప్పిన డాక్టరు అశ్రద్ధ చేసినట్టు కాదు. చెప్పాలంటే ఆ డాక్టరే తన పని తెలిసినవారు.

చుక్కలతో ఆటలు వద్దనే కళ్లు

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

కళ్లకలకలో మంట ఉంటుంది, ఇసుక పడ్డట్టు గరగర ఉంటుంది. కన్ను గట్టిగా నొప్పి పెడుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, పుసి తుడిచాక కూడా చూపు మసకగానే ఉన్నా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించినా అది కలక కాదు. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, కార్నియా, దెబ్బతిని పుండు పడి ఉండవచ్చు. ఊళ్లో మనవాళ్లు "కంట్లో పువ్వు వేసింది" అంటారే, ఆ పువ్వు చాలామందిలో ఇలాంటి పుండు మానిపోయి మిగిల్చిన మచ్చే. పుండుగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఇందులో గంటలు కూడా లెక్కే.

పుండుకు దారితీసేవి మా పేటలో ఎక్కువగా రెండు. ఒకటి వెల్డింగు, గ్రైండింగు పని. ఇనుపరజను కార్నియాలో గుచ్చుకుంటుంది. తోటి పనివాడు రుమాలు కొసతోనో అగ్గిపుల్లతోనో తీసేస్తాడు, రజనుతోపాటు పొర కూడా లేస్తుంది, ఆ సందులోంచి బాక్టీరియా దిగుతుంది. రెండోది కాంటాక్ట్ లెన్సు. రాత్రి తీయకుండా పడుకోవడం, కుళాయి నీళ్లతో కడగడం, లెన్సు డబ్బాను నెలల తరబడి మార్చకపోవడం. లెన్సువాళ్ల కంటికి సూడోమోనాస్ అనే బాక్టీరియా ప్రత్యేక శత్రువు. ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించగలదు. లెన్సు పెట్టుకునేవాళ్లకు కన్ను ఎర్రబడి నొప్పి పుడితే లెన్సు తీసేసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కన్ను మానిందని డాక్టరు చెప్పేదాకా మళ్లీ పెట్టుకోకూడదు.

ఊరి నుంచి వచ్చే బంధువులది ఇంకో రకం. కోతల కాలంలో వరి ఆకు కోసుకుపోయింది, చెరకు ఆకు తగిలింది, వడ్ల గింజ పడింది అని నాయుడుపేట నుంచో సూళ్లూరుపేట నుంచో రైలెక్కి మా పేటలో చెల్లెలి ఇంటికో అల్లుడి ఇంటికో వస్తారు. అప్పటికి ఊళ్లో వారం పాటు ఏవో చుక్కలు వేసుకుని ఉంటారు. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లలో బాక్టీరియాకు దాదాపు సమానంగా బూజుజాతి సూక్ష్మజీవులు, అంటే ఫంగస్, కారణమవుతాయి. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వాటిలో పెద్దవి. ఆకు, గడ్డి, మట్టి తగిలిన కన్నయితే ముందు అనుమానించవలసింది వాటినే. ఎంత గొప్ప యాంటీబయాటిక్ అయినా ఫంగస్‌ను చంపలేదు. దానికి నాటమైసిన్ 5 శాతం చుక్కలు కావాలి. మధురై అరవింద్ కంటి ఆసుపత్రి పాలుపంచుకుని 2013లో ప్రచురించిన పరీక్షలో, అంతకంటే కొత్తదైన వోరికొనజోల్ చుక్కల కన్నా ఈ పాత నాటమైసినే, ముఖ్యంగా ఫ్యుజేరియం పుండ్లలో, మేలని తేలింది. కొత్తదే గట్టిదని నమ్మేవాళ్లకు నేను చెప్పే సంగతుల్లో ఇదొకటి.

అందుకే పుండున్న కంటికి డాక్టరు ముందు మొద్దుబార్చే చుక్క వేసి, పుండు అంచు నుంచి కాస్త గీకి, గాజు పలక మీద పరీక్ష చేయిస్తారు, సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చరు పరీక్షకు పంపిస్తారు. "చుక్కలు రాసిస్తే సరిపోయేదానికి కన్ను గీకడం ఎందుకు" అని భయపడి లేచి వచ్చేసినవాళ్లున్నారు. ఆ గీకుడే మందు ఎంపిక. బాక్టీరియా అని తేలితే మాక్సిఫ్లాక్ససిన్ వంటి, ఫ్లోరోక్వినొలోన్ జాతి యాంటీబయాటిక్ ఒక్కటే ఇవ్వవచ్చు. పుండు పెద్దదైతే సెఫాజొలిన్ 5 శాతం, టోబ్రామైసిన్ 1.4 శాతం అని మామూలు సీసాల్లో దొరకని గాఢతతో ఆసుపత్రిలోనే కలిపి ఇస్తారు. అవి నా షాపులో దొరకవు. మొదట్లో గంటగంటకూ, రాత్రిళ్లు కూడా నిద్ర లేపి వెయ్యవలసి వస్తుంది. ఇంట్లో చేసే మనుషులు లేకపోతే ఆసుపత్రిలో చేర్చుకోమని అడగడంలో తప్పు లేదు.

చుక్కలతో తేలని కళ్లు ఇంకొన్ని. శుక్లాల ఆపరేషన్ అయిన కొద్ది రోజులకు నొప్పి పెరిగి చూపు తగ్గితే అది కంటి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. బయటి చుక్కలు అక్కడికి చేరవు, వాంకోమైసిన్, సెఫ్టజిడైమ్ కంటి లోపలికే ఇంజెక్షన్‌గా ఇస్తారు. పిల్లవాడికి జ్వరం, రెప్ప ఉబ్బి ఎర్రబడటం, కన్ను ముందుకు పొడుచుకు రావడం, తిప్పితే నొప్పి ఉంటే ఆ రాత్రే ఆసుపత్రి. తుడిచేకొద్దీ ధారగా చీము వస్తుంటే గనేరియా బాక్టీరియా అనుమానించాలి. గాయం లేని కార్నియాలోకి కూడా అది చొచ్చుకుపోగలదు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కావాలి, జీవితభాగస్వామికీ వైద్యం కావాలి. నుదుటి మీద, ముక్కు కొస మీద పొక్కులు లేచి ఆ వైపు కన్ను ఎర్రబడితే అది సర్పి, బాక్టీరియాతో సంబంధం లేదు.

నెల లోపు పసికందుల కంట్లో చీము వచ్చినా అంతే. పుట్టిన రెండు నుంచి ఐదు రోజుల్లో వస్తే గనేరియా, వారం రెండు వారాల మధ్య వస్తే క్లమీడియా అనే ఇంకో బాక్టీరియా అని డాక్టర్లు మొదట ఆలోచిస్తారు. రెంటికీ శరీరం మొత్తానికి పనిచేసే మందు కావాలి. చనుబాలు పిండే పెద్దమ్మలతో వాదించి లాభం లేదు. బిడ్డను పట్టుకుని ఆటో ఎక్కమంటాను. అయితే తెల్లగుడ్డు తెల్లగానే ఉండి, నీళ్లు కారుతూ కాస్త పుసి చేరే పిల్లల్లో చాలామందికి కన్నీటి నాళం ఇంకా తెరుచుకోకపోవడమే కారణం. ముక్కు పక్కన ఎలా నొక్కి మర్దన చెయ్యాలో డాక్టరు చూపిస్తారు. యాంటీబయాటిక్ సీసాలు మార్చిమార్చి వెయ్యడం దండగ.

ఎగ్మోరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, 1819లో మొదలైనది. మా పేట నుంచి దగ్గర. డబ్బు లేదని ఆగిపోయేవాళ్లకు నేను ముందు చెప్పే పేరు అదే.

ఇక చుక్కల సంగతి

డాక్టరు చూసి, కార్నియా బాగుంది, ఇది మామూలు బాక్టీరియా కలకే అన్నారనుకుందాం. ఇప్పుడు ఎంపిక తేలిక. నా అభిప్రాయాలు కూడా కలిపే చెబుతాను.

క్లోరాంఫెనికాల్ పాతకాలపు మనిషి. 0.5 శాతం చుక్కలు, 1 శాతం ఆయింట్‌మెంటు. మామూలు కలక తెచ్చే బాక్టీరియాలో చాలావాటి మీద ఇప్పటికీ పనిచేస్తుంది, చవక. సూడోమోనాస్ మీద పనిచెయ్యదు, కాబట్టి లెన్సువాళ్లకు ఇది కాదు. ఎముక మజ్జ దెబ్బతినే ప్రమాదం గురించి భయం ఉంది. చుక్కలతో అది చాలా చాలా అరుదు, కానీ ఇంట్లో ఎవరికైనా రక్తకణాలు తయారుకాని జబ్బు వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. కొన్ని సీసాలను ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటుంది, చూసుకోండి.

సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ రెండూ 0.3 శాతం. మన దేశంలో ఇవి ఎంత వాడారంటే కలకకు మారుపేరైపోయాయి. సూడోమోనాస్ వంటి వాటి మీద సిప్రోకు పట్టు ఎక్కువ, స్ట్రెప్టోకాకస్ జాతి మీద తక్కువ. కలకకు సిప్రో అయితే మొదటి రెండు రోజులు మేలుకుని ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, తరవాత ఐదు రోజులు నాలుగు గంటలకోసారి. పుండున్న కంటికి తరచుగా వేస్తే కొందరికి తెల్లటి పొడిలా పేరుకుంటుంది. అది మందే. కంగారు పడి గోకకండి, డాక్టరుకు చూపించండి.

మాక్సిఫ్లాక్ససిన్ 0.5 శాతం, గాటిఫ్లాక్ససిన్ 0.3 శాతం వాటి తరవాతి తరం. స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ మీద ఇవి మెరుగు. మాక్సి రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. తక్కువసార్లు వేసుకుంటే చాలు కాబట్టి ఉద్యోగాలకు పోయేవాళ్లకు అనువు, పిల్లల తల్లులకు వరం. ఇప్పుడు నా షాపుకు వచ్చే చీటీల్లో ఎక్కువ ఇదే. నాకు నచ్చని విషయం కూడా ఇదే. పుండు వచ్చినప్పుడు, కంటి ఆపరేషన్ అప్పుడు అక్కరకు రావలసిన మందును ప్రతి నీరుకారే కంటికీ పోస్తూ పోతే బాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫిలోకాకస్ చాలాసార్లు ఈ జాతి మందులకు కూడా లొంగడం లేదు.

టోబ్రామైసిన్, జెంటామైసిన్ 0.3 శాతం. సూడోమోనాస్ వైపు మంచివి, న్యుమోకాకస్ వైపు బలహీనం. ఎక్కువ రోజులు వేస్తే కార్నియా పైపొరకే చేటు చేస్తాయి, జెంటామైసిన్ మరీను. వారం దాటాక కూడా కన్ను ఎర్రగా ఉందంటే ఆ ఎరుపు మందుది కూడా కావచ్చు. నియోమైసిన్ కలిసిన పాత ఆయింట్‌మెంట్లతో రెప్పల చర్మం ఎర్రబడి దద్దురులు లేవడం మామూలే. ఇన్ఫెక్షన్ పెరిగిందనుకుని ఇంకాస్త పూస్తారు.

అజిత్రోమైసిన్ 1 శాతం చుక్కలు జిగటగా ఉండి కంట్లో నిలుస్తాయి. మొదటి రెండు రోజులు రోజుకు రెండుసార్లు, తరవాత ఐదు రోజులు రోజుకొక్కసారి. చుక్కల సీసా చూస్తేనే ఇల్లంతా పరుగెత్తే పిల్లలకు డాక్టర్లు దీన్ని ఎంచుకుంటారు. వేశాక కాసేపు మసకగా ఉంటుంది.

పుసి ఎక్కువగా ఉన్నవాళ్లకు, చంటిపిల్లలకు రాత్రిపూట ఆయింట్‌మెంటు మేలు. ఏడుస్తూ చుక్కలు కడిగేసుకునే పిల్లల కంట్లో కూడా అది ఉండిపోతుంది. బండి నడిపేవాళ్లు పగలు వద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. చుక్కలే కదా అనుకోవద్దు. మామూలు కలకకు యాంటీబయాటిక్ మాత్రలు అడిగేవాళ్లకు మాత్రం ఒకటే మాట: కంటి పైపొర మీద చుక్కలు ఇచ్చేంత మందును మాత్ర అక్కడికి చేర్చలేదు. క్లమీడియా వంటి కొన్నిటికే నోటి మందు అవసరం.

బ్రాండు గురించి కొట్టుకోవద్దు. పెట్టె మీద మందు పేరు, శాతం చూడండి. జన ఔషధి కేంద్రంలో దొరికే మాక్సిఫ్లాక్ససిన్ కూడా మాక్సిఫ్లాక్ససినే. నా వ్యాపారానికి నష్టమైనా చెబుతున్నాను.

పేరు చివరి అక్షరం

నేను చీటీ లేకుండా ఎంత బతిమాలినా ఇవ్వనివి యాంటీబయాటిక్‌లో స్టెరాయిడ్ కలిపిన చుక్కలు. పెట్టె చూడటానికి అచ్చం మామూలుదానిలాగే ఉంటుంది. బ్రాండు పేరు చివర డి, డిఎక్స్, పి, ఎల్‌పి అని ఒకటి రెండు అక్షరాలు అదనంగా ఉంటాయి, అంతే. కింద చిన్న అక్షరాల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్, బీటామెథాసోన్, ఫ్లోరోమెథొలోన్ లలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఈ ఐదు పేర్లు గుర్తుంచుకుంటే చాలు, సగం ప్రమాదం దాటినట్టే.

జనం వీటిని ఇష్టపడటానికి కారణం ఉంది. వేసిన రోజే ఎరుపు దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. కాపలా కుక్క నోరు కట్టేసి, మొరగడం లేదు కాబట్టి ఇంట్లో దొంగ లేడనుకోవడం లాంటిదది. కింద ఫంగస్ ఉంటే అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. హెర్పిస్ వైరస్ చేసిన చిన్న పుండు పెద్దదవుతుంది. పొలంలో ఆకు తగిలి వచ్చినవాళ్ల సంచిలోంచి ఇలాంటి సీసా బయటపడితే, కన్ను చూడకుండానే నాకు గుండె జారిపోతుంది. నెలల తరబడి వేసుకుంటే కంటి లోపలి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, శుక్లాలు వస్తాయి. అలర్జీ ఉన్న పిల్లలకు ఏటా వేసవిలో పాత చీటీ చూపించి ఇవే కొనే తల్లిదండ్రులు ఈ మాట రెండుసార్లు చదవాలి.

స్టెరాయిడ్ ఎప్పుడూ తప్పే అనడం లేదు. ఆపరేషన్ తరవాత, కొన్ని రకాల వాపుల్లో, కంటి డాక్టరు స్లిట్ ల్యాంపుతో, అంటే కంటిని పెద్దదిగా చూపే దీపపు యంత్రంతో, చూసి రాసినప్పుడు అది అవసరమే. బాక్టీరియా పుండ్లలో యాంటీబయాటిక్‌తోపాటు స్టెరాయిడ్ ఇస్తే మేలా అని అరవింద్ ఆసుపత్రిలోనే ఎక్కువమంది రోగులతో పరీక్షించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద మూడు నెలల తరవాత చూపులో తేడా కనిపించలేదు. ఏ సూక్ష్మజీవో తేల్చుకుని, అంత జాగ్రత్తగా గమనిస్తూ ఇచ్చినప్పుడే అదనపు లాభం కనిపించనిది, కౌంటరు దగ్గర ఎరుపు చూసి ఇస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

ఇంకొకటి కూడా ఇవ్వను. వెల్డింగు చేసేవాళ్లకు అద్దం లేకుండా పనిచేసిన రాత్రి కళ్లు నిప్పుల్లా మండుతాయి. అది ఇన్ఫెక్షన్ కాదు, వెలుగు కాల్చిన గాయం. ఆసుపత్రిలో ఒకసారి వేసిన మొద్దుబార్చే చుక్క హాయి గుర్తుండిపోయి "ఆ ప్రొపరకైన్ ఇవ్వండన్నా" అని మా కుర్రాడిని అడుగుతారు. ఇంట్లో పెట్టుకుని పదేపదే వేసుకుంటే కార్నియా మానదు, కరుగుతుంది. ఆ సీసా డాక్టరు చేతిలోనే ఉండాలి.

వేసుకోవడం

చేతులు కడుక్కుని, పుసిని కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ప్రతిసారీ కొత్త దూది. కింది రెప్పను లాగి ఆ సంచిలో ఒక్క చుక్క. కన్ను పట్టేది అంతే, రెండోది చెంప మీదికి పోతుంది. కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోండి, మందు గొంతులోకి జారదు, చేదు తగలదు. రెండు రకాల చుక్కలుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. ఆయింట్‌మెంటు అన్నిటికంటే చివర.

సీసా మొన కంటికి, రెప్పకు, వేలికి తగలకూడదు. మందు సీసాయే జబ్బు మోసుకొస్తుందా అనేవాళ్లకు 2023 నాటి సంగతి చెబుతాను. మన చెన్నై దగ్గర తయారై అమెరికాకు వెళ్లిన కృత్రిమ కన్నీటి చుక్కలకూ, అక్కడ మందులకు లొంగని సూడోమోనాస్ వ్యాపించడానికీ ఆ దేశపు ఆరోగ్య అధికారులు ముడిపెట్టారు. కొందరికి చూపు పోయింది. ఇంటిల్లిపాదికీ ఒకే సీసా తిప్పడం ఇక మానండి. విప్పిన రోజు తేదీ పెట్టె మీద రాసి, నెల దాటితే మందు మిగిలినా పారేయండి.

కొన్ని చుక్కల పెట్టెల మీద కంటికీ చెవికీ అని రాసి ఉంటుంది. చెవికి మాత్రమే అని ఉన్నవాటిని కంట్లో వేస్తే కన్ను మండిపోతుంది. రెండు సీసాలూ ఒకే పరిమాణం, ఒకే తెల్లరంగు. కరెంటు పోయిన వేళ వెతుక్కుని వెయ్యకండి.

నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. కంట్లోకి మాత్రం ఆముదం, తేనె, పన్నీరు, చనుబాలు, ఏ ఆకురసమూ వద్దు. కంటి కురుపుకు చుక్కల కన్నా వేడి కాపడమే అసలు వైద్యం. శుభ్రమైన బట్టను గోరువెచ్చటి నీళ్లలో ముంచి పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు.

ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మార్చాలి

మామూలు కలకకు ఐదు నుంచి ఏడు రోజులు. తగ్గింది కదా అని రోజుకొక చుక్కకు దించి నెలంతా సాగదీయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఆ కొద్ది మోతాదు బాక్టీరియాను చంపదు, మొండిగా తయారుచేస్తుంది. వేస్తే చెప్పినన్నిసార్లు వెయ్యాలి, ఆపితే పూర్తిగా ఆపాలి.

రెండు మూడు రోజులు సరిగ్గా వేసినా కాస్తయినా తగ్గకపోతే మందు మార్చమని నా దగ్గరికి రాకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి, అసలు ఇది బాక్టీరియానేనా అని మళ్లీ చూపించుకోండి. ఒకే కంట్లో పదేపదే పుసి చేరుతుంటే, ముక్కు పక్కన నొక్కితే కంటి మూలలోంచి చీము వస్తుంటే కన్నీటి సంచిలో అడ్డు ఉన్నట్టు. ఎన్ని చుక్కలు వేసినా తాత్కాలికమే, చిన్న ఆపరేషన్‌తోనే పోతుంది. శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి తప్పనిసరిగా చెప్పాలి, ఆ చీము కంటి లోపలికి చేరితే ప్రమాదం.

వెళ్లేటప్పుడు అప్పటిదాకా వేసిన సీసాలన్నీ పెట్టెలతో సహా సంచిలో వేసుకుని వెళ్లండి. "తెల్ల సీసా, నీలం మూత" అంటే ఏ డాక్టరుకూ అర్థం కాదు, మా షాపులో నీలం మూతలే ఒక అలమర నిండా ఉన్నాయి. వేసినవాటిలో స్టెరాయిడ్ ఉంటే సిగ్గుపడకుండా మొదట అదే చెప్పండి. కాంటాక్ట్ లెన్సువాళ్లు లెన్సులను, వాటి డబ్బాను, ద్రావణం సీసాను కూడా కడగకుండా పట్టుకెళ్లండి. కంటి నుంచి తీసినదాంట్లో ఏమీ పెరగకపోయినా డబ్బాలోంచి బాక్టీరియా బయటపడిన సందర్భాలుంటాయి, అప్పుడు డాక్టరుకు ఏ మందు ఎంచుకోవాలో దారి దొరుకుతుంది.